100 కిలోమీటర్ల నిబంధన, 5 లక్షల యాత్రికులు: శాంటియాగో కాలిబాట ఎలా నిండింది?

క్లుప్తంగా: యేసు శిష్యుడు యాకోబు సమాధి ఉందని నమ్మే, స్పెయిన్ వాయవ్య మూలన గలీసియాలో ఉన్న శాంటియాగో డి కంపోస్టెలాకు నడిచి చేరి, అక్కడి కేథడ్రల్ ఇచ్చే ధ్రువపత్రం తీసుకున్నవారు 1986లో మూడు వేల లోపే. 2025లో ఆ లెక్క 5 లక్షలు దాటింది. ఐరోపాలో విశ్వాసం మళ్లీ చిగురిస్తోందని కొందరు, ఇది ఒట్టి పర్యాటకమేనని కొందరు అంటున్నారు. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే జనం ఎక్కడ మొదలుపెడతారు, ఏ నెలలో వస్తారు, రోజుకు ఎంత నడుస్తారు అన్నవాటిని భక్తికంటే ఎక్కువగా నిర్ణయిస్తున్నవి కొన్ని మామూలు ఏర్పాట్లు: 100 కిలోమీటర్ల నిబంధన, ముద్రల కార్డు, పసుపు బాణం గుర్తులు, చవక మంచాలు. 2027 పవిత్ర సంవత్సరం (జూలై 25న యాకోబు పండుగ ఆదివారం వచ్చే ఏడాది) కావడంతో ఈ చర్చ మళ్లీ వేడెక్కింది.

సమాధి ఎవరిది?

జెబెదయి కుమారుడైన యాకోబు ప్రస్తావన బైబిల్లో చివరిగా అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో కనిపిస్తుంది. హేరోదు రాజు ఆయన్ను కత్తితో చంపించాడు. అది క్రీ.శ. 44 ప్రాంతం. స్పెయిన్ ఊసు అక్కడ లేదు. శిష్యులు ఆయన దేహాన్ని పడవలో గలీసియా తీరానికి చేర్చారన్నది తర్వాతి శతాబ్దాల్లో అల్లుకున్న కథ. 9వ శతాబ్దం తొలి దశకాల్లో పెలాయో అనే సన్యాసికి అడవిలో వింత వెలుగులు కనిపించాయని, ఇరియా ఫ్లావియా బిషప్ తియోడొమీర్ అక్కడొక సమాధిని గుర్తించాడని, అస్తూరియాస్ రాజు రెండో అల్ఫోన్సో ఒవియెదో నుంచి వచ్చి దర్శించుకున్నాడని సంప్రదాయం చెబుతుంది.

ఇందులో బిషప్ మాత్రం కల్పన కాదు. 1955లో కేథడ్రల్ కింద తవ్వకాల్లో ఆయన సమాధి పలకే బయటపడింది. అపొస్తలుడి ఎముకల సంగతి వేరు. 1589లో ఇంగ్లిష్ నౌకాదళం గలీసియా తీరంపై దాడి చేసినప్పుడు వాటిని దాచేశారు. తర్వాత ఎక్కడ దాచారో ఎవరికీ తెలియకుండా పోయింది. 1879లో మళ్లీ దొరికాయన్నారు. 1884లో 13వ లియో పోపు వాటిని అధికారికంగా గుర్తించారు. అంటే దాదాపు మూడు శతాబ్దాల పాటు యాత్రికులు ఎముకలు ఎక్కడున్నాయో తెలియని గుడికే వచ్చిపోయారు. యాత్ర నిలబడటానికి ఎముకల నిజానిజాలు తేలనక్కర్లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

రాజులకు జనం కావలసి వచ్చింది

మధ్యయుగంలో ఈ దారి వెలగడానికి భక్తితో పాటు రాజకీయ అవసరమూ ఉంది. ముస్లిం పాలకులతో పోరాడుతూ దక్షిణానికి విస్తరిస్తున్న నవార్రా, అరగాన్, కాస్టిల్ రాజ్యాలకు చేతిపనివాళ్లు, వర్తకులు కావలసి వచ్చారు. యాత్రికుల వెంట పిరెనీస్ పర్వతాలు దాటి వచ్చేవాళ్లకు పన్ను మినహాయింపులు, ఇళ్ల స్థలాలు, సొంత న్యాయ హక్కులు ఇచ్చి దారి పొడవునా ఊళ్లు కట్టించారు. 1077 ప్రాంతంలో హాకా, 1090లో ఎస్తెయ్యా అలా హక్కుల పత్రాలు పొందిన పట్టణాలే. ప్రధాన మార్గానికి ‘ఫ్రెంచి దారి’ అన్న పేరు నిలిచిందీ అందుకే. ఫ్రాన్స్ సరిహద్దులోని సాన్ జాన్ పియె ద పోర్ నుంచి శాంటియాగో వరకు ఇది సుమారు 780 కిలోమీటర్లు. నడవడానికి నెల నుంచి 35 రోజులు పడుతుంది.

కేథడ్రల్ నిర్మాణం 1075లో మొదలై, 1211లో ప్రతిష్ఠ జరిగింది. 12వ శతాబ్దపు కోడెక్స్ కాలిక్స్‌టినస్ రాతప్రతిలోని ఐదో భాగం చాలావరకు దారి వివరాలే: ఏ నది నీళ్లు తాగొచ్చు, ఏ నది నీళ్లు గుర్రాలను చంపుతాయి, ఏ ప్రాంతం వాళ్లు ఎలాంటివాళ్లు. నవార్రా ప్రజల మీద ఆ రచయిత కురిపించిన తిట్లు చదివితే, యాత్రికులందరూ శాంతమూర్తులై నడిచారనుకోనక్కర్లేదని అర్థమవుతుంది. మొక్కు తీర్చుకునేవారు, పాపపరిహారానికి వచ్చేవారు, డబ్బు తీసుకుని ఇంకొకరి బదులు నడిచేవారు, చివరికి ఫ్లాండర్స్ కోర్టులు శిక్షగా పంపిన నేరస్థులు కూడా ఈ దారిలో ఉండేవారు.

14వ శతాబ్దపు ప్లేగు, 16వ శతాబ్దపు మత సంస్కరణ దీన్ని దెబ్బతీశాయి. పుణ్యం నడకతో రాదని, రక్షణ విశ్వాసం వల్లనేనని సంస్కర్తలు వాదించారు. శాంటియాగోలో ఉన్నది యాకోబో, చచ్చిన కుక్కో ఎవరికి తెలుసని లూథర్ ఎద్దేవా చేశాడు. క్రైస్తవంలో పాదయాత్ర ఉందా అని తెలుగు పాఠకుల్లో చాలామందికి కలిగే సందేహం మూలం ఇక్కడే ఉంది. గుంటూరు ప్రాంత లూథరన్ సంఘాలు, ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టు సంఘాలు ఆ సంస్కరణ సంప్రదాయం నుంచి వచ్చినవి కాబట్టి వాటి ఆచారాల్లో పుణ్యక్షేత్ర యాత్రకు చోటు లేదు. ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండకు మొక్కులతో వెళ్లే సంప్రదాయం కథోలికులది. శాంటియాగో ఆ వైపు సంప్రదాయానికి చెందింది, కాకపోతే ఇప్పుడు నడిచేవాళ్లలో ప్రొటెస్టెంట్లు, ఏ మతమూ లేనివాళ్లు కూడా బాగానే ఉన్నారు.

పసుపు డబ్బాతో ఒక ఫాదరు

20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి దారి చాలాచోట్ల పొలాల్లో, తారు రోడ్ల కింద కలిసిపోయింది. గలీసియా సరిహద్దు కొండమీద ఓ సెబ్రెయిరో అనే చిన్న ఊరి చర్చి ఫాదరు ఎలియాస్ వాలిన్యా 1980ల్లో పాత దారిని వెతికి, చెట్లమీద, రాళ్లమీద, గోడలమీద పసుపు రంగుతో బాణం గుర్తులు వేసుకుంటూ పోయారు. ఆయన 1989లో చనిపోయారు. బాణాలు మాత్రం దేశమంతా పాకాయి.

దీని విలువను తక్కువగా చూడటం పరిపాటి. గుర్తులు లేని దారిలో నడవాలంటే మ్యాపు చదవడం రావాలి, స్పానిష్ రావాలి, తోడుండాలి. బాణం ఉంటే ఇవేవీ అక్కర్లేదు. భాష రాని ఒంటరి మనిషి సైతం బయల్దేరగలిగాడు. ఇటీవల నడిచేవారిలో సగానికి పైగా స్పెయిన్ బయటివారు, సగానికి కాస్త ఎక్కువగా మహిళలు ఉండటానికి వేసిన పునాదుల్లో ఇదొకటి.

మిగతావి వెంట వెంటనే జరిగాయి. 1982లో రెండో జాన్ పాల్ పోపు శాంటియాగో వచ్చారు. 1987లో ఐరోపా మండలి ఈ దారిని తొలి ‘ఐరోపా సాంస్కృతిక మార్గం’గా ప్రకటించింది. 1989లో ప్రపంచ యువజన సమ్మేళనం అక్కడే జరిగింది. 1993లో స్పెయిన్‌లోని ఫ్రెంచి దారి యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అదే ఏడాది పవిత్ర సంవత్సరం కావడంతో గలీసియా ప్రాంతీయ ప్రభుత్వం భారీగా ప్రచారం చేసి, దారి వెంట ప్రభుత్వ వసతి గృహాలు తెరిచింది.

ఫలితం అంకెల్లోనే కనిపిస్తుంది. 1992లో ధ్రువపత్రాలు 10 వేల లోపు. 1993లో 99 వేల పైచిలుకు. 1994లో మళ్లీ సుమారు 16 వేలు. 1999లో లక్షన్నర దాటి, 2000లో 55 వేలకు పడింది. పవిత్ర సంవత్సరంలో ఎగబాకడం, మరుసటి ఏడాది పడటం, కానీ పాత స్థాయికి ఎన్నడూ దిగకపోవడం: మెట్లమెట్లుగా ఎదిగిన యాత్ర ఇది. కోవిడ్ ఏడాది 2020లో సుమారు 54 వేలకు జారినా, 2022కల్లా 2019 నాటి 3.47 లక్షల రికార్డును దాటేసింది.

వంద కిలోమీటర్ల లెక్క

జూలై 25 యాకోబు పండుగ. ఆ తేదీ ఆదివారం నాడు వస్తే అది పవిత్ర సంవత్సరం. లీపు సంవత్సరాల వల్ల ఇది 6, 5, 6, 11 ఏళ్ల విరామంతో తిరుగుతుంది. ఆ ఏడాది కేథడ్రల్ పవిత్ర ద్వారం తెరుస్తారు. చర్చి ఇచ్చే సంపూర్ణ పాపశిక్షా విమోచనానికి నడవాల్సిన పని లేదు, బస్సులో వచ్చినా చాలు. నడక అవసరమయ్యేది ‘కంపోస్టెలా’ అనే లాటిన్ ధ్రువపత్రానికి. ఈ రెండూ వేర్వేరన్న సంగతి వార్తల్లో తరచూ కలగాపులగం అవుతుంటుంది.

ధ్రువపత్రానికి కనీస దూరం నడకైతే 100 కిలోమీటర్లు, సైకిలైతే 200. నడిచినట్టు రుజువు ‘క్రెదెన్సియాల్’ అనే కార్డు. మడతలు మడతలుగా విప్పుకునే అట్ట అది, నిండా ఖాళీ గళ్లు. రాత్రి ఆగిన చోట ఒక ముద్ర, దారిలో చర్చిలో ఇంకొకటి, కాఫీ తాగిన బార్‌లో మరొకటి. కొన్నిచోట్ల కౌంటర్ మీద ముద్రా, సిరా ప్యాడూ పెట్టి వదిలేస్తారు, ఎవరికి వారే వేసుకుని తేదీ రాసుకోవాలి. రోజుకు కనీసం రెండు ముద్రలుండాలి. శాంటియాగోలోని యాత్రికుల కార్యాలయం కార్డు చూసి, ఎందుకు నడిచారని అడిగి పత్రం ఇస్తుంది. దానికి రుసుము లేదు.

నిబంధన జనాన్ని ఎలా మలుస్తుందో సారియా పట్టణాన్ని చూస్తే తెలుస్తుంది. శాంటియాగోకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, రైల్వే స్టేషన్ ఉన్న ఊరు. అక్కడ దిగితే ఐదారు రోజుల నడక, ఒక వారం సెలవు చాలు. అందుకే మొత్తం యాత్రికుల్లో పదిమందికి సుమారు ముగ్గురు సారియాలోనే మొదలుపెడతారు. సాన్ జాన్ పియె ద పోర్ నుంచి పూర్తిగా నడిచేవారు పదో వంతు కూడా ఉండరు. పోర్చుగల్ దారిలో సరిహద్దు పట్టణం తూయి రద్దీ వెనక ఉన్నదీ ఇదే లెక్క.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ ‘ఇంగ్లిష్ దారి’. మధ్యయుగంలో బ్రిటన్, ఐర్లండ్ నుంచి ఓడల్లో వచ్చినవారు ఫెరోల్‌లోనో, ‘ఆ కొరూన్యా’ అనే రేవులోనో దిగి నడిచేవారు. రెండూ చారిత్రకమైనవే. కానీ ఫెరోల్ నుంచి 100 కిలోమీటర్లు దాటుతుంది, ఆ కొరూన్యా నుంచి 75 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి నడిచేవాళ్లలో అత్యధికులు ఫెరోల్‌కే పోతారు. ఈ తేడా సర్దడానికి, సొంత దేశంలో ముందే 25 కిలోమీటర్లు నడిచి ముద్రలు చూపినవారికి ఆ కొరూన్యా నుంచి కూడా పత్రం ఇచ్చే వెసులుబాటు తెచ్చారు. చరిత్ర రెండు రేవులకూ సమానమే, జనాన్ని పంచింది మాత్రం అంకె.

మంచం కోసం పరుగు

దారిలో బస ‘అల్బెర్గె’ల్లో: వరసగా రెండంతస్తుల మంచాలు, ఉమ్మడి స్నానాల గదులు, బట్టలు ఉతుక్కునే తొట్టి. గలీసియా ప్రభుత్వ అల్బెర్గెల్లో మంచం సుమారు 10 యూరోలు. కార్డు ఉన్నవారికే చోటు, మామూలుగా ఒక్క రాత్రే, ముందస్తు బుకింగ్ లేదు. ముందొచ్చినవారిది మంచం. కొన్ని చర్చి అల్బెర్గెల్లో ధర కూడా ఉండదు, తోచినంత పెట్టెలో వేసిపోవాలి.

జనం తక్కువ ఉన్నప్పుడు ఈ పద్ధతి ఇచ్చే స్వేచ్ఛ అపారం. కాలు నొస్తే అయిదు కిలోమీటర్లకే ఆగిపోవచ్చు, హుషారుగా ఉంటే ముప్పై నడవొచ్చు. జనం పెరిగాక అదే పద్ధతి తలకిందులైంది. అల్బెర్గెలు చాలావరకు మధ్యాహ్నం ఒంటిగంటకు తెరుస్తారు. ఆగస్టులో సారియా తర్వాతి ఊళ్లలో ఆలస్యంగా చేరితే తలుపుమీద ‘నిండిపోయింది’ అన్న బోర్డే స్వాగతం. దాంతో తెల్లవారుజామున అయిదింటికే తలకు లైట్లు కట్టుకుని బయల్దేరడం మొదలైంది. చీకట్లో ప్లాస్టిక్ కవర్ల చప్పుడుకు మిగతావాళ్లూ లేస్తారు, వాళ్లూ పరిగెడతారు. ఈ పరుగు వద్దనుకున్నవారు ప్రైవేటు అల్బెర్గెల్లో ముందే బుక్ చేసుకుంటారు. బుక్ చేశాక ఫలానా రోజు ఫలానా ఊరు చేరి తీరాలి, అందుకు భుజాన బరువు ఉండకూడదు. ఆ బరువు మోయడానికి సంస్థలు పుట్టుకొచ్చాయి, స్పెయిన్ తపాలా శాఖ కూడా సంచులు ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీకి చేర్చే సేవ నడుపుతోంది. ‘అసలు యాత్రికుడు’ ఎవరు, ‘పర్యాటకుడు’ ఎవరు అని దారిలో సాగే వాదనకు మూలం ఈ గొలుసు. మనుషుల మనస్తత్వం మారిందనేకంటే, మంచాల కొరత వాళ్ల నడవడిని మార్చిందనడం సరైనది.

రోముకు ఎందుకు అంతమంది నడవరు?

జనాన్ని నడిపించేది ఏర్పాట్లేనన్న ఈ వాదనను పరీక్షించడానికి పోలిక రోము. కాంటర్‌బరీ నుంచి రోము వరకు సుమారు 2,000 కిలోమీటర్ల ‘వియా ఫ్రాంచిజెనా’ ఉంది. 990లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిజెరిక్ రోము నుంచి తిరిగొస్తూ రాసిపెట్టుకున్న మజిలీల జాబితా దానికి ఆధారం. పేతురు, పౌలుల సమాధులున్న నగరం అది, మహిమలో శాంటియాగో సాటి రాదు. అక్కడా చివరి 100 కిలోమీటర్లు నడిచినవారికి పత్రం ఇస్తారు. అయినా నడిచి వచ్చేవారు శాంటియాగోతో పోల్చదగ్గ సంఖ్యలో లేరు. అంటే 100 కిలోమీటర్ల నిబంధన ఒక్కటే చాలదు. ఫ్రెంచి దారిలో చాలాచోట్ల గంటా రెండు గంటల నడకకో ఊరు, అందులో చవక మంచం, కాఫీ, పక్కన అదే దారిలో నడిచే మనుషులు దొరుకుతారు. కార్రియోన్ పట్టణం తర్వాత ఊరే లేని 17 కిలోమీటర్ల మైదానం లాంటివి అరుదు, అందుకే అక్కడ నడిచినవాళ్లు దాని గురించి అంతగా చెప్పుకుంటారు. మంచాలుంటే జనం వస్తారు, జనం వస్తే ఇంకో అల్బెర్గె తెరుచుకుంటుంది. రోము దారిలో ఆ చక్రం ఇంకా అంత వేగం అందుకోలేదు.

మన దగ్గరి యాత్రలతో పోలిస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పండరీపురం వారీలో లక్షల మంది ఒకే తిథికి చేరడానికి దిండీలనే బృందాలుగా కలిసి నడుస్తారు. శాంటియాగో నడకకు తిథి లేదు, గుంపు లేదు, నాయకుడు లేడు. ఎవరి ప్రారంభం వారిది. తిరుమల మెట్లదారిలో నడిచి వచ్చేవారికి దివ్యదర్శనం టోకెన్లు ఇచ్చే ఏర్పాటు, కష్టానికి రుజువు అడిగి గుర్తింపు ఇవ్వడం వరకు కంపోస్టెలాకు దగ్గరిది. కాకపోతే టోకెను దర్శనం సమయాన్ని ఇస్తుంది. శాంటియాగో పత్రం లోపలికి పోవడానికి అక్కర్లేదు, కేథడ్రల్లోకి ఎవరైనా వెళ్లొచ్చు.

ఎవరికి మేలు, ఎవరికి భారం

స్పెయిన్ పల్లెలు దశాబ్దాలుగా ఖాళీ అవుతున్నాయి. 1,400 మీటర్ల ఎత్తున ఉన్న ఫొన్సెబదోన్ 1990ల నాటికి దాదాపు పాడుబడిన ఊరు. ఇప్పుడక్కడ అల్బెర్గెలు, తిండి దొరికే చోట్లు ఉన్నాయి, కారణం కాలిబాటే. ఇలాంటి ఊళ్లకు నడిచేవాడు మంచి అతిథి: కారులో వచ్చేవాడిలా దాటిపోడు, ఆగి తీరాలి, తిని తీరాలి. అయితే ఆ లాభం బాట మీదున్న ఊరికే. పక్క లోయలోని ఊరు యథాప్రకారం ఖాళీ అవుతూనే ఉంది.

శాంటియాగో నగరం సంగతి వేరు. సుమారు లక్ష జనాభా, అందులోనూ విశ్వవిద్యాలయ పట్టణం. పాత నగరంలో ఇళ్లు పర్యాటక అద్దెలకు మళ్లడంతో స్థానికులకు, విద్యార్థులకు అద్దె ఇళ్లు కరవయ్యాయి. పర్యాటక ఫ్లాట్లపై నగరపాలక సంస్థ ఆంక్షలు పెట్టింది. చిన్న వీధుల్లో పాటలు పాడుకుంటూ ఊరేగే పెద్ద గుంపులపై ఫిర్యాదులు పెరిగాయి. కిరాణా కొట్టు పోయి యాత్రికుల గుర్తైన గవ్వ బొమ్మల దుకాణం వస్తే యాత్రికుడికి తేడా తెలియదు, వీధివాసికి తెలుస్తుంది.

భారత పాస్‌పోర్టుతో వెళ్లేవారికి

ఇక్కడో చిక్కుంది. షెంగెన్ వీసా (స్పెయిన్ సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా) దరఖాస్తుకు బస వివరాలు, రోజువారీ ప్రణాళిక, కనీసం 30 వేల యూరోల వైద్య బీమా చూపాలి. కాలిబాట సంప్రదాయమేమో ఏ రాత్రి ఎక్కడో ముందు అనుకోకుండా నడవడం. ప్రభుత్వ అల్బెర్గెలు బుకింగ్ ఇవ్వవు. కాబట్టి భారత్ నుంచి వెళ్లేవారు ప్రైవేటు బసలను ముందే ఖరారు చేసుకోవాల్సి వస్తుంది, లేదా నిర్వాహక సంస్థ ద్వారా సారియా నుంచి వారం యాత్రకు వెళ్తారు. 180 రోజుల్లో 90 రోజుల పరిమితి పూర్తి ఫ్రెంచి దారికి సరిపోతుంది. షెంగెన్ దేశాల్లో చదువుకుంటూ, ఉద్యోగం చేస్తూ ఉన్న తెలుగువారికి ఈ వీసా ఇబ్బంది లేదు. వారు రెండేళ్లో మూడేళ్లో సెలవుల్లో ముక్కలు ముక్కలుగా పూర్తిచేసుకోవచ్చు, చాలామంది ఐరోపా వాసులు చేసే పద్ధతీ అదే.

2027లో ఏం జరగవచ్చు

గత పవిత్ర సంవత్సరం 2021ని కోవిడ్ కారణంగా 2022 చివరి దాకా పొడిగించారు కాబట్టి అసలు రద్దీ రెండేళ్ల మధ్య పంచుకుంది. ఈసారి అలాంటి సర్దుబాటు ఉండదు. మామూలు ఏడాదే 5 లక్షలు దాటిన పరిస్థితిలో 2027 కొత్త రికార్డు నెలకొల్పే అవకాశం ఎక్కువ. ఒత్తిడి అంతటా ఒకేలా ఉండదు. సారియా నుంచి చివరి అయిదు మజిలీలు, తూయి నుంచి పోర్చుగల్ దారి, జూలై ఆఖరి పక్షం, ఆగస్టు ఎక్కువ ఇరుకు. బుర్గోస్, లియోన్ మధ్య మైదానం ఎండకు భయపడి చాలామంది వదిలేసే భాగం, అక్కడ చోటు దొరకొచ్చు. ఒవియెదో నుంచి రెండో అల్ఫోన్సో నడిచాడని చెప్పే కొండదారి అన్నిటికంటే పాతది, కష్టమైనది. చివరి రెండు మజిలీలకు ముందు మెలీదెలో ఫ్రెంచి దారిలో కలిసేదాకా అది తక్కువ రద్దీగానే ఉంటుంది. పిరెనీస్ దాటే ఎత్తు దారి నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా మూసి ఉంటుంది, ఆ నెలల్లో వచ్చేవారు వాల్కార్లోస్ లోయ మీదుగా వెళ్లాలి. 2027 దాటితే తర్వాతి పవిత్ర సంవత్సరం 2032.